ఫొటో కోసం ఆగితే మోటారు మిగలదు

సంపాదకులకు నమస్కారం.

తుపాన్ల నెలలు దగ్గరపడుతున్నాయి. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను. తుపాను వచ్చి వెళ్లాక రాస్తే ఎవరికీ పనికిరాదు.

భీమునిపట్నం పక్కన ఒక మత్స్యకార గ్రామంలో నేను బోటు మోటార్లు బాగుచేస్తాను. ఫైబర్ తెప్పల వెనక చెక్కకు బిగించే అవుట్‌బోర్డు మోటార్లు, ఎక్కువగా 8, 9.9 హార్స్‌పవర్‌వి. ముప్పై ఏళ్లుగా ఇదే పని. అంతకు ముందు మా నాన్నతో వేటకు వెళ్లేవాణ్ని. మోటారు లేని రోజుల్లో గాలి పడిపోతే తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు చేరేసరికి తెచ్చిన కానాగడత చేపలు మెత్తబడిపోయేవి. బేరానికి వచ్చినవాళ్లు సగం ధర కూడా ఇచ్చేవారు కాదు. అందుకే మా వాడలో మోటారంటే ఇంట్లో సంపాదించే మనిషితో సమానం.

నేను చెప్పదలచింది ఇదీ. ఉప్పునీటిలో మునిగిన మోటారు ఎక్కువగా పాడయ్యేది నీటిలో ఉన్నప్పుడు కాదు, పైకి తీశాక. మునిగి ఉన్నంతసేపూ లోపలి ఇనుముకు గాలి పెద్దగా తగలదు. ఒడ్డుకు తెచ్చి ఎండలో పెట్టిన నిమిషం నుంచి ఉప్పు, తడి, గాలి మూడూ కలుస్తాయి. అద్దంలా ఉండే సిలిండరు గోడ మీద, ఇంజనులో తిరిగే ఇరుసును, అంటే క్రాంకును, మోసే బేరింగుల మీద కొన్ని గంటల్లోనే తుప్పు మొదలవుతుంది. అదే రోజు మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు విప్పి, నూనె పోస్తే ఆ మోటారు బతుకుతుంది. వారం, పది రోజులు అలాగే వదిలేస్తే తూకానికి వేసుకోవాల్సిందే.

ఈ సంగతి తెలిసి కూడా మా వాళ్లు తుపాను తర్వాత మోటార్లను ముట్టుకోరు. నష్టం రాసుకునేవాళ్లు వచ్చి ఫొటో తీసేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచాలని అందరి నమ్మకం. కడిగి శుభ్రం చేస్తే ‘ఇది బాగానే ఉంది కదా’ అని జాబితాలోంచి తీసేస్తారని భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. ఒకసారి మా ఊరికి వచ్చిన సిబ్బంది ఒకాయన, నేను తుడిచి నూనె పెట్టిన మోటారును చూసి ‘దీనికేమైంది?’ అని అడిగి పుస్తకం మూసేశాడు. ఆ మాట ఊరంతా గుర్తుపెట్టుకుంది.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ రోజు. ఆదివారం. మా వాడలో ఇద్దరు అన్నదమ్ముల తెప్పలు పక్కపక్కనే ఉండేవి. ఇద్దరివీ ఒకే కంపెనీ రెండు సిలిండర్ల మోటార్లు, ఒకే ఏడు కొన్నవి. తెప్పల్ని రోడ్డు దగ్గరి దాకా లాగి తాళ్లతో కట్టారు గానీ మోటార్లు విప్పలేదు. ఎందుకు విప్పలేదో కూడా చెప్పాలి. చెక్కకు బిగించే మరలు ఉప్పుకు పట్టేసి తిరగలేదు. గాలి మొదలయ్యాక సుత్తి, పానాలు పట్టుకుని అక్కడ నిలబడే వీలు లేకపోయింది. తెల్లారి వెళ్లి చూస్తే రెండు తెప్పలూ తిరగబడి ఉన్నాయి. మోటార్లు ఉప్పునీటి గుంటలో, తలలు కిందికి.

అన్న ఆ పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు. దారికి అడ్డంగా చెట్లు పడి ఉన్నాయి. రిక్షా కూడా రాదు. కర్రకు మోటారు వేలాడదీసి ఇద్దరు భుజాల మీద మోసుకొచ్చారు. కరెంటు లేదు, బోరు పనిచేయదు. మా వీధి నూతి నుంచి మా ఆవిడ, వాళ్లావిడ చేద వేసి తోడారు. నలభై బిందెలు తోడి ఉంటారు. తాగడానికే నీళ్లకు కటకటగా ఉన్న రోజుల్లో ఇనుముకు నీళ్లు పోస్తున్నారేమిటని చూసినవాళ్లు అన్నారు. పైమూత తీసి ముందు ఇసుకంతా కడిగాం. ఆ తర్వాతే ప్లగ్గులు విప్పాం. కార్బురేటరు విప్పి, పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల జెట్లు కడిగి ఊదాం. సిలిండర్లలోంచి నీరు బయటికి తోసి, టూ స్ట్రోక్ ఆయిలు పోసి చేత్తో మెల్లగా తిప్పాం. మర్నాడు సాయంత్రం డ్రమ్ములో నీళ్లు పెట్టి తాడు లాగితే పదో పట్టుకో, పన్నెండో పట్టుకో అందుకుంది. మొదట తెల్లటి పొగ, తర్వాత నీలం పొగ. అరగంట అలాగే నడవనిచ్చాను. నా చేతి నుంచి అయిన ఖర్చు ఒక డబ్బా ఆయిలు, రెండు ప్లగ్గులు. ఆ మోటారు ఇంకో ఏడేళ్లు వేటకు వెళ్లింది.

తమ్ముడికి కూడా కబురు చేశాను. వచ్చాడు గానీ మోటారు తేలేదు. ‘బాబాయ్, లిస్టు రాసేవాళ్లు వస్తారంట. విప్పితే మనకు రాయరు. రెండు రోజులే కదా’ అన్నాడు. నేను గట్టిగా చెప్పలేకపోయాను. నష్టపరిహారం పోతే నేనివ్వగలనా? అరుగు మీద టార్పాలిన్ కప్పి ఉంచాడు. రాసేవాళ్లు పదకొండో రోజు వచ్చారు. వాళ్లనూ తప్పుపట్టను. అన్ని ఊళ్లు, అన్ని కూలిన ఇళ్లు, రోడ్లు లేవు, ఫోన్లు లేవు. వాళ్లు ఆ రెండు ఫొటోలు తీసుకున్నాక మోటారు నా దగ్గరికి వచ్చింది.

తాడు కదల్లేదు. ఒక ప్లగ్గు వచ్చింది. రెండోది తిప్పితే హెడ్డులోని అల్యూమినియం మరతో సహా ఊడొచ్చింది. కార్బురేటరు నిండా సున్నం పూసినట్టు తెల్లటి పొడి, ఇత్తడి జెట్లకు పచ్చటి చిలుము. హెడ్డు విప్పితే రింగులు ఆగిన చోట సిలిండరు చుట్టూ ఎర్రటి గీతలు పడి ఉన్నాయి. రింగులు పిస్టన్ గాడిలోనే పట్టేశాయి. క్రాంకు బేరింగుల్లో గుండ్రంగా ఉండాల్సిన రోలర్లు చేత్తో నలిపితే పొట్టు రాలాయి. టూ స్ట్రోక్ ఇంజనులో ఆ బేరింగులకు వేరే ఆయిలు ఉండదు. పెట్రోలులో కలిసి వచ్చేదే వాటికి ఆధారం. ఉప్పునీరు దాన్ని కడిగేస్తే కాపాడేది ఇంకేమీ ఉండదు. క్రాంకు సెట్టు, పిస్టన్లు, రింగులు, కాయిలు, గాస్కెట్లు అన్నీ లెక్క వేస్తే కొత్త మోటారులో సగానికి పైన తేలింది. పరిహారం వచ్చింది. అందులో సగానికి కూడా చాలలేదు. తమ్ముడు చేపల షావుకారు దగ్గర అప్పు చేశాడు. ఆ అప్పు తీరేదాకా పట్టినదంతా ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. మోటారు చేతికి వచ్చేదాకా ఏడాదిన్నర అన్న తెప్పలో పాలు మనిషిగా, అంటే పట్టినదాంట్లో వాటాకు, వెళ్లాడు.

ఒకే కెరటం, ఒకే గుంట, ఒకే రకం మోటారు. తేడా పదకొండు రోజులే.

ఆ తర్వాత నుంచి వినేవాళ్లు ఎవరున్నా చెబుతూ వస్తున్నాను. మీ పత్రిక తీరం వెంబడి ప్రతి ఊరికీ వెళ్తుంది కాబట్టి ఇక్కడ కూడా కొంచెం వివరంగా రాస్తాను. నాలాంటి మెకానిక్కులకు ఇవి తెలిసినవే. మెకానిక్కు దొరకని రోజున ఇంట్లోవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

మునిగిన మోటారును పైకి తీయగానే అందరూ చేసే మొదటి పని తాడు లాగి చూడటం. బతికుందో లేదో తెలుసుకోవాలనే ఆత్రం. దయచేసి లాగకండి. సిలిండరులో నీళ్లుంటాయి. గాలి నొక్కుకుంటుంది గానీ నీరు నొక్కుకోదు. బలంగా తిప్పితే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మోటారు నడుస్తూ ఉండగా తెప్ప బోల్తాపడితే ఆ రాడ్డు అప్పటికే వంగి ఉండవచ్చు. అలాంటప్పుడు ప్లగ్గులు తీసి పైన చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపి మెకానిక్కుకు ఇవ్వాలి. లోపలికి ఇసుక పోయిందని అనుమానం వస్తే చేత్తో కూడా తిప్పకూడదు. ఇసుక గింజ సిలిండరు గోడను గీసేస్తుంది. దాన్ని పూర్తిగా విప్పి కడగాల్సిందే.

ఏ ఇబ్బందీ లేకపోతే మంచినీళ్లతో లోపలా బయటా ధారాళంగా కడగాలి. ప్లగ్గు రంధ్రాలు కిందికి వచ్చేలా వాల్చి చక్రం తిప్పితే నీరు బయటికి వస్తుంది. ట్యాంకులో, గొట్టాల్లో, కార్బురేటరులో ఉన్న పెట్రోలంతా పారబోయాలి. అందులో నీరు కలిసి ఉంటుంది. ‘వంద రూపాయల పెట్రోలు’ అని దాచుకుంటే మళ్లీ అదే నీరు ఇంజనులోకి పోతుంది. తర్వాత కార్బురేటరు నోట్లోకి, ప్లగ్గు రంధ్రాల్లోకి ఆయిలు పోసి తిప్పాలి. ఫోర్ స్ట్రోక్ మోటారు అయితే ఇంజను ఆయిలు మార్చాలి. పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుంటే మళ్లీ పోసి మళ్లీ తీయాలి. వైర్ల కనెక్షన్లు విప్పి కడిగి ఆరబెట్టాలి. ఎండబెట్టిన ప్లగ్గులు పెట్టి, మోటారు కాలు, అంటే ఫ్యాను ఉండే కింది భాగం, మంచినీళ్ల డ్రమ్ములో ఉంచి స్టార్టు చేసి, తక్కువలో తక్కువ అరగంట నడపాలి. ఆ వేడికే లోపల మిగిలిన తడి పోతుంది. పక్క రంధ్రం నుంచి ఇంజనును చల్లబరిచే నీటిధార సన్నగా వస్తోందో లేదో చూడాలి. రాకపోతే వెంటనే ఆపాలి. నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లరు ఇసుకకు అరిగిపోయి ఉంటుంది.

ఇవేవీ ఆ రోజు కుదరకపోతే ఒక దారి ఉంది. చెబితే చాలామంది నమ్మరు. కడిగిన మోటారును తిరిగి మంచినీళ్లలోనే ముంచి ఉంచండి. తల కిందికి, కాలు పైకి పెట్టి డ్రమ్ములో దించితే ఇంజను భాగమంతా మునుగుతుంది. పగిలిన సింటెక్స్ ట్యాంకు పైభాగం కోసుకుంటే ఇంకా మేలు. మెకానిక్కు వచ్చే రోజు దాకా అలాగే ఉంచాలి. గాలి తగలదు కాబట్టి తుప్పు నెమ్మదిస్తుంది. అరుగు మీద టార్పాలిన్ కింద పెట్టిన మోటారు కంటే నీళ్లలో ఉన్న మోటారే బాగుంటుంది. 2014లో ఆ తమ్ముడికి ఈ మాటైనా చెప్పి ఉండాల్సింది. నాకు అప్పటికి తెలియదు. తర్వాత ఒక కంపెనీ మాన్యువల్ చదివించుకుంటే తెలిసింది. నీళ్ల డ్రమ్ములో ఉన్నదాన్ని ఫొటో తీయడానికి ఏ అధికారికైనా అభ్యంతరం ఉంటుందా?

ఇక ప్రభుత్వాన్ని అడిగేది. ఇందులో డబ్బుతో తేలేది కొంచెమే, మాటతో తేలేదే ఎక్కువ.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ‘వేటకు వెళ్లవద్దు’ అని మైకులో చెప్పిస్తారు. ఆ వెంటే ‘మోటార్లు విప్పి మెరకకు చేర్చండి, నంబరు ప్లేటుతో సహా ఫొటో తీసుకోండి’ అని కూడా చెప్పించాలి. ముప్పై, నలభై కిలోల బరువు, ఇద్దరు మోయగలరు. తుపాను షెల్టరులో ఒక మూల పెట్టుకోనివ్వాలి. బిగించే మరలకు నెలకోసారి గ్రీజు పెట్టుకోవడం మా వాళ్ల బాధ్యత. అది నేను ఊళ్లో చెబుతూనే ఉన్నాను. మోటారు మీది నంబరు ప్లేటు కూడా ఉప్పుకు చెరిగిపోతుంది. అందుకే కొత్తగా ఉన్నప్పుడే నంబరు రాసి పెట్టుకోవాలి.

తుపాను తర్వాత, సచివాలయంలో ఉండే గ్రామ మత్స్య సహాయకుడు మొదటి రోజే సెల్‌ఫోనులో మోటారు ఫొటో, నంబరు తీసుకుంటే చాలని, ఆ తర్వాత కడిగినా విప్పినా నష్టం లెక్కలోంచి తీయబోమని ఒక రాతపూర్వక ఆదేశం కావాలి. దాన్ని పంచాయతీ గోడకు అంటించాలి. అధికారి నోటిమాట సరిపోదు. నోటిమాటకే మా వాళ్లు భయపడుతున్నారు, నోటిమాటతో ఆ భయం పోదు. జాబితాలో కూడా తెప్ప, వల, మోటారు అని విడివిడిగా రాయాలి. మోటారులో బాగుపడేది, పడనిది వేరుగా రాయాలి. బాగుపడే మోటారుకు రిపేరు ఖర్చు మూడు రోజుల్లో ఇస్తే కొత్త మోటారు ఇవ్వాల్సిన అవసరమే చాలా ఇళ్లకు రాదు.

హుద్‌హుద్ అప్పుడు కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి బయటి జిల్లాల నుంచి లైన్‌మెన్లను తెచ్చారు. రాత్రింబవళ్లు వాళ్లు చేసిన పని మా కళ్లతో చూశాం. అలాగే తుపాను తగలని తీరం నుంచి పదిమంది మోటారు మెకానిక్కుల్ని తేలేమా? ఉత్తరాంధ్రకు దెబ్బ తగిలితే నిజాంపట్నం, మచిలీపట్నం వైపు నుంచి రావచ్చు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు మేం ఇటు నుంచి వెళ్తాం. కూలి, బస్సు ఖర్చు ఇస్తే చాలు. ఊళ్లోకి తాగునీటి ట్యాంకరు వచ్చినప్పుడు, మనుషులకు పోసిన తర్వాతే, రెండు డ్రమ్ములు మోటార్లకు కేటాయిస్తే ఒక వాడకు సరిపోతుంది. ప్లగ్గు స్పానరు, నాలుగు డబ్బాల ఆయిలు, కొన్ని ప్లగ్గులు, రెండు ఇంపెల్లర్లు ఒక పెట్టెలో పెట్టి ప్రతి షెల్టరులో ఉంచవచ్చు.

ఇంకో మాట. మాకు మనుషులు తక్కువవుతున్నారు. నా దగ్గర పని నేర్చుకున్న నలుగురిలో ముగ్గురు బైకు మెకానిక్కులుగా వెళ్లిపోయారు. నాలుగో కుర్రాడు 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు సహాయం పడవలతో వెళ్లాడు. వరదనీటిలో రోడ్డు డివైడర్లకు, మునిగిన గోడలకు తగిలి మోటారు ఫ్యాను రెక్కలు విరగడం, ప్లాస్టిక్ సంచులు నీళ్లు పీల్చే రంధ్రాలకు అడ్డుపడి ఇంజను వేడెక్కడం రోజంతా చూశానని చెప్పాడు. సంచి తీసేస్తే పోయేదానికి మోటారు కాలిపోయిందనుకుని పక్కన పెట్టేసినవి కూడా ఉన్నాయట. పడవ ఎంత అవసరమో, దాని పక్కన పనిముట్ల సంచితో ఒక మనిషి ఉండటం కూడా అంతే అవసరం. విశాఖపట్నంలో కేంద్రప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ ఉంది. మెరైన్ ఫిట్టర్ కోర్సు అక్కడ చెబుతారు. అది పెద్ద కోర్సు. దానితోపాటు ఊరికి ఒక్కరిని పిలిచి, వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్యలో పదిహేను రోజులు ఈ చిన్న మోటార్ల పని నేర్పితే బాగుంటుంది. ఆ అరవై ఒక్క రోజులు మా కుర్రాళ్లు ఊళ్లోనే ఉంటారు. తెప్పలూ ఒడ్డునే ఉంటాయి, విప్పి చూపించడానికి మోటార్లకు కొదవ ఉండదు. పిలిస్తే నేనూ వచ్చి చెబుతాను, డబ్బు అడగను.

తమ్ముడి మోటారు తాలూకు క్రాంకు, పిస్టన్లు, ఆ ఎర్రగీతల సిలిండరు నా షెడ్డులో అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. తూకానికి వేయలేదు. నష్టం రాసే పనిలో ఉన్న ఏ అధికారి అయినా సరే, అక్టోబరు లోపు ఒకసారి వస్తే కిందికి దించి చూపిస్తాను.

ఇట్లు,
ఒక బోటు మోటారు మెకానిక్కు,
భీమునిపట్నం తీరం, విశాఖపట్నం జిల్లా